నాన్నగారు వీలునామా రాశారు, అయినా బ్యాంకువాళ్లు కోర్టు కాగితం అడుగుతున్నారు

తెనాలి అమ్మాయి:
నాన్న ఫిబ్రవరిలో పోయారు. డైరీలోంచి చించిన రెండు కాగితాల మీద తన చేత్తోనే వీలునామా రాసి, ఇద్దరు స్నేహితులతో సాక్షి సంతకాలు పెట్టించారు. డిపాజిట్లన్నీ అమ్మకే అని రాశారు. రెండు డిపాజిట్లకు నామినీ లేరు, ఒకదానికి అన్నయ్య పేరుంది. మా మధ్య గొడవేమీ లేదు. అయినా మేనేజర్ గారు ప్రొబేట్ తెమ్మంటున్నారు. ఆ మాట వినడమే మొదటిసారి. అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వెంకట్రావు, బెజవాడ:
కంగారు పడకమ్మా. సివిల్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇది అసలైన వీలునామానే అని కోర్టు ముద్ర వేసి ఇచ్చేదే ప్రొబేట్. వీలునామాలో ఎగ్జిక్యూటర్, అంటే దాన్ని అమలు చేసే మనిషి, పేరు లేకపోతే అదీ ఇవ్వరు, లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి పంపకం చూసుకోమని కోర్టు ఇచ్చే అధికార పత్రం, అడగాలి. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. 1925 వారసత్వ చట్టం 213వ సెక్షన్ ప్రకారం చెన్నై, ముంబయి, కోల్‌కతా లాంటి చోట్లే ఆ నిర్బంధం ఉండేది. 2025లో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది.

ముందు తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత నువ్వూ, అన్నయ్యా మాకు అభ్యంతరం లేదని నోటరీ అఫిడవిట్ ఇవ్వండి. మీ నాయనమ్మ ఉన్నారా? ఉంటే ఆవిడదీ కావాలి. 1956 హిందూ వారసత్వ చట్టంలో తల్లికీ భార్యాపిల్లలతో సమాన వాటా ఉంది. చాలామంది మర్చిపోయేది ఆవిడనే. బ్యాంకు అప్పటికీ కాదంటే, కారణం కాగితం మీద రాసివ్వమనండి.

నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. బీమా కేసులో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది.

శారద, నెల్లూరు:
మా మామయ్య గారి చెన్నై ఫ్లాట్‌కు ప్రొబేట్ కోసం 2016లో వేస్తే చేతికొచ్చేసరికి మూడేళ్లు పట్టింది. సాక్షులిద్దరూ ఆయన ఈడువాళ్లే, ఆయనకంటే ముందే పోయారు. వీలునామా మీది సంతకం సాక్షిదేనని చూపించడానికి, ఒక సాక్షి కోడలు బీరువా అంతా వెతికి తన మామగారి పాత పెన్షన్ పుస్తకం తీసిచ్చింది. సంతకం చివర కిందికి లాగే గీత వీలునామాలోనూ, పుస్తకంలోనూ ఒకేలా ఉంది. ఆ పుస్తకం పవిటలో చుట్టుకుని కోర్టు వరండాలో కూర్చున్న రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. దయచేసి మీకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి.

కిరణ్, శాన్ హోసే:
కాలిఫోర్నియాలో ప్రొబేట్ లాయరు ఫీజు చట్టంలోనే ఉంటుంది. మొదటి లక్ష డాలర్లకు 4 శాతం, రెండో లక్షకు 3, ఆపై 8 లక్షలకు 2. అంటే 10 లక్షల ఇంటికి 23,000 డాలర్లు. ఇంటి మీద లోను ఎంతున్నా లెక్క పూర్తి విలువ మీదే. అందుకే ఇక్కడ మనవాళ్లు లివింగ్ ట్రస్ట్ రాయించుకుంటారు, అంటే బతికుండగానే ఆస్తిని ట్రస్ట్ పేరు మీద పెట్టి, తర్వాత కోర్టుకు వెళ్లకుండా వారసులకు అందేలా చేసుకోవడం. మా బావగారూ రాయించారు కానీ ఇంటి దస్తావేజు ట్రస్ట్ పేరు మీదికి మార్చలేదు. ఆ ఇంటికోసం అక్క కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ట్రస్ట్ ఉన్నవాళ్లు ఈరోజే దస్తావేజు తీసి చూసుకోండి.

రమేష్, రాజమండ్రి:
బతికుండగానే పిల్లలకు రాసిచ్చేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా?

వెంకట్రావు, బెజవాడ:
తొందరపడకండి రమేష్ గారూ. సెటిల్‌మెంట్, అంటే మీరన్నట్టు బతికుండగానే రాసిచ్చే దస్తావేజు, రిజిస్టరైతే ఇల్లు పిల్లలదైపోతుంది. వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇచ్చి తీరాలనుకుంటే మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. పిల్లలు చూసుకోకపోతే, రాసిచ్చింది రద్దు చేయమని 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్తే ముందు చూసేది దాన్నే. ఆ ఒక్క వాక్యం లేక తల్లడిల్లిన తల్లిదండ్రులను చూశాను.

తెనాలి అమ్మాయి:
నాయనమ్మ ఉన్నారు బాబాయి గారూ, 86 ఏళ్లు. బాపట్లలో మా అత్త దగ్గర ఉంటారు. ఆదివారం వెళ్తున్నాం. సంతకం చేయలేరు, వేలిముద్ర చెల్లుతుందా?

వెంకట్రావు, బెజవాడ:
చెల్లుతుందమ్మా. చదివి వినిపించాం, ఆవిడకు అర్థమైంది అని నోటరీ చేత కింద రాయించండి. ఆధార్ కార్డు తీసుకెళ్లడం మర్చిపోకు.