కింది దవడలో 4 మి.మీ. ఎముక: చీల్చాలా, గ్రాఫ్ట్ పెట్టాలా?

ప్రాస్థో_వరంగల్:
46 (కింది కుడివైపు మొదటి మోలార్, అంటే పెద్ద దంతం) తీసి అయిదేళ్లు దాటింది. సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే)లో రిడ్జ్ (పన్ను తీసిన చోటి ఎముక గట్టు) అంచున వెడల్పు 4 మి.మీ., 5 మి.మీ. కిందకి వెళ్తే 6.5. నరానికి పైన ఎత్తు 13. పేషెంటుకి రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంది. రిడ్జ్ స్ప్లిట్ (గట్టును మధ్యలో చీల్చి వెడల్పు చెయ్యడం) చేసి అదే రోజు ఇంప్లాంట్ వేసేస్తే ఆరు నెలలు కలిసొస్తాయి. గ్రాఫ్ట్ (ఎముక చేర్చి పెంచడం) దేనికి?

సర్జన్_కర్నూలు:
పైదవడ అయితే నేనూ స్ప్లిట్టే అంటాను మేడమ్. అక్కడి ఎముక మెత్తన, వంగుతుంది. కింద మోలార్ దగ్గర బయటి పెంకు (ఎముకకి బుగ్గవైపున్న గట్టి పొర) మందం, బిరుసు. ఒక్కసారే తెరిస్తే పుటుక్కున విరుగుతుంది. చెయ్యాలంటే రెండు విడతల్లో చెయ్యాలి. మొదట ఫ్లాప్ (కోసి లేపిన చిగురు) ఎత్తి, పియెజో (కంపనాలతో ఎముక కోసే పరికరం)తో అంచు పొడవునా ఒక గాటు, రెండు చివర్లా నిలువు గాట్లు (పక్క పళ్ల వేర్లకు కనీసం 1 మి.మీ. ఎడంగా), అడుగున అడ్డంగా ఇంకొకటి. మూసేసి 3–4 వారాలు ఆగాలి. రెండోసారి అంచు మాత్రమే తెరవాలి, బయటివైపు చిగురును కదపకూడదు. విడిపోయిన పెంకుకి అప్పుడు రక్తం అందేది ఆ చిగురు కింద ఎముకను అంటిపెట్టుకున్న పొర, పెరియాస్టియం నుంచే. మళ్లీ ఫ్లాప్ మొత్తం లేపితే ముక్క ఊడి చేతికొస్తుంది, లేదా నెమ్మదిగా కరిగిపోతుంది.

పెరియో_గుంటూరు:
అసలు రెండు పెంకుల మధ్య మెత్తని ఎముక ఎంతుందో చూశారా? అది లేకపోతే చీల్చడానికి ఏముంది సార్? పైగా 4.3 మి.మీ. వెడల్పు ఇంప్లాంటుకి బయటివైపు 2, లోపలివైపు 1.5 ఎముక కావాలంటే వెడల్పు 8 మి.మీ. దాకా రావాలి. అది గ్రాఫ్ట్ పనే.

ప్రాస్థో_వరంగల్:
మళ్లీ కొలిచాను, మధ్యలో 0.8 మాత్రమే. స్ప్లిట్ వదిలేస్తున్నా. అంచు 2 మి.మీ. దించి 3.3 మి.మీ. వెడల్పు సన్న ఇంప్లాంట్ వేస్తేనో?

సర్జన్_కర్నూలు:
దించితే వెడల్పు 5 వస్తుంది, ఎత్తు 11కి పడుతుంది. నరానికి 2 వదిలితే 8 మి.మీ. పొడవుదే పడుతుంది, అటూ ఇటూ ఎముక 1 కూడా మిగలదు. టైటానియం-జిర్కోనియం మిశ్రమంతో చేసిన సన్న ఇంప్లాంట్ గట్టిదే, కానీ పళ్లు కొరికేవాళ్లకి మోలార్ బరువు దాని మెడ మీద పెట్టను. సన్న మెడ మీద వెడల్పు క్రౌన్ (పంటి తొడుగు), కింద అన్నం ఇరుక్కోవడం తప్పదు.

పెరియో_గుంటూరు:
అయితే గ్రాఫ్టే. సన్న బర్‌తో బయటి పెంకుకి రక్తం చెమ్మగిల్లేదాకా చిల్లులు పెట్టండి. రేమస్ (దవడ వెనకభాగం) నుంచి గీకిన సొంత ఎముక సగం, పశువుల ఎముక గ్రాన్యూల్స్ సగం. పైన కొల్లాజెన్ మెంబ్రేన్ (గ్రాఫ్ట్‌ను కప్పే పల్చటి పొర), పిన్నులతో బిగించాలి. చెడేది ఎక్కువగా కుట్ల దగ్గరే: ఫ్లాప్ లాగి పెట్టి కుడితే పదో రోజుకి మెంబ్రేన్ బయటపడుతుంది. ఫ్లాప్ లోపలి ముఖాన ఉన్న పెరియాస్టియం మాత్రం పైపైన కోసి వదులు చెయ్యండి, అవతలి అంచు మీదకి తనంతట తాను 5 మి.మీ. ఎక్కాలి. ముందుకి పోయేకొద్దీ మెంటల్ నరం (కింది పెదవికి స్పర్శనిచ్చేది) ఉంటుంది, అక్కడ బ్లేడు లోతుగా దిగకూడదు. 6–8 నెలలు ఆగాలి. ఈలోగా తీసిపెట్టే పళ్ల సెట్టు దాని మీద ఆనకూడదు.

ఫ్లాప్ జరిపినందువల్ల గట్టి చిగురు లోపలివైపుకి పోతుంది. ఇంప్లాంట్ తెరిచే రోజున బయట 2 మి.మీ. గట్టి చిగురు లేకపోతే అంగిలి నుంచి ముక్క తెచ్చి వెయ్యాల్సి వస్తుంది. ఆ మాట పేషెంటుకి ఇప్పుడే చెప్పండి.