చెస్‌లో కారో-కాన్ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) సాధన ఎలా చేయాలి? ఇంజిన్ చెప్పేది అర్థం కావడం లేదు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఒడిశాయే గానీ ఇంట్లో తెలుగే. దగ్గర్లో చెస్ నేర్పేవాళ్లు ఎవరూ దొరక్క సాఫ్ట్‌వేర్ మీద పడ్డాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో స్కిడ్ (ఆటలు దాచి చూసుకునే ప్రోగ్రామ్) వేసి స్టాక్‌ఫిష్ (ఎత్తులు లెక్కగట్టే ఇంజిన్) కలిపాను, రెండూ ఉచితమే కదా.

నల్లపావులతో కారో-కాన్ ఆడతాను. ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 శకటు ఎఫ్5 (ప్రతి జంటలో ముందు తెల్ల ఎత్తు, తర్వాత నాది; అక్షరం, అంకె కలిస్తే పావు వెళ్లే గడి), ఇక్కడిదాకా కళ్లు మూసుకుని ఆడేస్తా. మొన్న అవతలాయన హెచ్4 ఆడితే నేను అలవాటుకొద్దీ ఈ6 తోశాను, అంతే, జీ4, ఎఫ్3, హెచ్5 అంటూ ఒక్కో బంటే తోసుకొచ్చి నా శకటును మూలకి నెట్టి పట్టేశాడు. ఏడో ఎత్తుకే ఆట అయిపోయింది, సిగ్గేసింది. తర్వాత స్టాక్‌ఫిష్‌ని అడిగితే ఈ6 బదులు హెచ్5 ఆడమంటుంది. సరే, ఇక్కడ కారణం కనిపిస్తూనే ఉంది. కానీ మిగతా చోట్ల ఎవరిది పైచేయో చెప్పే ప్లస్ 0.4, మైనస్ 0.3 లాంటి అంకెలు చూపించి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు.

తెలిసినవాళ్లు చెప్పండి, ఇంజిన్‌ని ఎంత డెప్త్ (ఎంత ముందుదాకా లెక్కించాలనేది) దాకా వదలాలి? 25 దాటితే ఫ్యాను రైస్ మిల్లులా మోగుతోంది. ఒకేసారి మూడు లైన్లు (ఇంజిన్ సూచించే ఎత్తుల వరసలు) చూడటం మేలా, ఒకటి చాలా? ముందు నేనే ఆటని పరిశీలించి తప్పొప్పులు రాసుకుని తర్వాత ఇంజిన్ పెట్టాలంటారు, మీరు నిజంగా అలాగే చేస్తారా? ఓపెనింగ్ ఎత్తులు మళ్లీ మళ్లీ అడిగి గుర్తుపెట్టించేది, నెట్ లేకపోయినా నడిచేది ఏదైనా ఉందా? లిచెస్ అనే చెస్ సైట్‌లో స్టడీ (ఎత్తులు రాసి దాచుకునే పేజీ) పెట్టుకున్నాను గానీ వానాకాలం వస్తే మాకు కరెంటుతోపాటు నెట్టూ పోతుంది.