అప్‌డేట్: డీబీఎస్ ఉన్నోళ్లకు మోకాళ్ల డయాథర్మీ

మొన్న అడిగింది ఇది: మునుగోడు దిక్కు పెద్దాయన, పార్కిన్సన్స్‌కు (వణుకు, బిగుతు తెచ్చే మెదడు జబ్బు) డీబీఎస్ అయింది, అంటే మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి ఛాతీ దగ్గరి బ్యాటరీతో కరెంటు ఇచ్చే ఆపరేషన్. మోకాళ్లు పట్టేసినయ్, ఫిజియోథెరపీలో డయాథర్మీ (తరంగాలతో ఒంటి లోపలికి వేడి పెట్టే చికిత్స) పెట్టించొచ్చా అని.

పెట్టించొద్దు. షార్ట్‌వేవ్, మైక్రోవేవ్, వేడి కోసం పెట్టే అల్ట్రాసౌండ్ ఏదైనా సరే, ఒంట్లో ఏ భాగానికైనా సరే. "డీబీఎస్ మిషన్ ఆఫ్ చేసి పెడతం" అన్నా ఒప్పుకోవద్దు. ఛాతీ దగ్గరి బ్యాటరీ నుంచి మెదడుకు పోయే వైరే ఆ శక్తిని పట్టుకుంటది. ఎలక్ట్రోడ్ కొన వేడెక్కి చుట్టూ మెదడు కణజాలం కాలుతది. ఆఫ్ చేస్తే వైరు మాయమైతదా? వేడినీళ్ల కాపడం, కాళ్ల వ్యాయామం చాలు.

ఇంకో సంగతి తేలింది. ఆ బిగుతు పార్కిన్సన్స్‌దేనా? మన దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగిసినోళ్లు తక్కువేం కాదు. పార్కిన్సన్స్‌కు వేసుకునే లెవోడోపా మాత్ర బాగా పనిచేసే గంటలో కూడా మోకాలు వంగకుంటే అది కీలు సమస్య అయి ఉండొచ్చు. వణుకు సంగతి వేరుగానీ, మాత్రకు లొంగని లక్షణం డీబీఎస్‌కూ పెద్దగా లొంగదు. దానికోసం డీబీఎస్ కరెంటు పెంచమంటే మాట ముద్దగైతది, అంతే.

ఎమ్మారై రాస్తే ముందు డీబీఎస్ డివైజ్ కార్డు చూపించాలె. మోడల్‌ను బట్టే స్కాన్.