బెంగళూరులో సెడ్జ్‌విక్ పుట్టినరోజు సభ: అనుమతి, హాలు విషయంలో సాయం కావాలి

నమస్కారమండి. క్వియర్ థియరీకి, అంటే లైంగికత, జెండర్ గురించిన మామూలు నమ్మకాలని ప్రశ్నించే ఆలోచనా రంగానికి, పునాది వేసినవాళ్లలో ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ ఒకరు. 1990లో వచ్చిన 'ఎపిస్టెమాలజీ ఆఫ్ ద క్లోజెట్'లో ఆవిడ, బయటపడటం (తాము గే, లెస్బియన్ లాంటివాళ్లమని నలుగురికీ చెప్పుకోవడం) ఒక్కసారితో తేలిపోదని, కొత్త మనిషి ఎదురైనప్పుడల్లా మళ్లీ మొదలవుతుందని చూపించారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్న మాలాంటివాళ్లకి ఆ మాట పెద్ద ధైర్యం. 2009లో పోయారు.

మే 2న, ఆవిడ పుట్టినరోజుకి, మేం కొందరం ఆ పుస్తకంలోని కొన్ని పేజీలు తెలుగు చేసి చదివి, రికార్డు చేద్దామనుకుంటున్నాం. దానికి, పుస్తకం వేసిన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ అనుమతి ఎలా అడగాలి? నేషనల్ లా స్కూల్లోని కమ్రా (QAMRA) అనే క్వియర్ ఆర్కైవ్‌కి ఇలాంటి రికార్డింగులు ఇచ్చినవాళ్లున్నారా? ఇంట్లో చెప్పుకోనివాళ్లూ వస్తారు, నా టెన్షన్ అంతా అదే. ఫొటోలు తియ్యొద్దంటే గౌరవించే చిన్న హాలు మల్లేశ్వరం, ఇందిరానగర్ వైపు ఉంటే దయచేసి చెప్పండి.