వనస్థలిపురంలో అమ్మానాన్నలకు ఇల్లు: అక్కడ ఉన్నవారు చెప్పండి

సాగర్‌రోడ్డు
మా అమ్మానాన్నలు మిర్యాలగూడ వదిలి నా దగ్గరకు వస్తున్నారు. నా ఉద్యోగం హైదరాబాద్‌లోని రాయదుర్గంలో. మొన్న పండక్కి వచ్చినప్పుడు నాన్న మూడు రోజులూ బాల్కనీలోనే కూర్చున్నారు. పద్దెనిమిది అంతస్తులు దిగి ఎవరితో మాట్లాడాలని అడిగారు. అందుకే ముగ్గురం కలిసి ఉండటానికి వనస్థలిపురంలో ఇల్లు చూస్తున్నాను. ఏళ్ల తరబడి ఉన్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా?

కరివేపచెట్టు
నాన్నగారికి హౌసింగ్ బోర్డు ఇల్లు వచ్చినప్పుడు నాకు ఐదేళ్లు. అడవిలో కొన్నావేమిటని బంధువులు మందలించారట. వాళ్ల మాటా నిజమే. పక్కనే నిజాం వేటాడిన అడవి. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవానికి గుర్తుగా దాన్ని మహావీర్ హరిణ వనస్థలిగా మార్చి, కృష్ణజింకలను కాపాడారు. మా వీధిలో ఇప్పటికీ కొన్ని రోజులు నెమలి కూతతోనే తెల్లవారుతుంది.

అప్పటి ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఇప్పుడు ఏ రెండూ ఒకేలా లేవు. ఒకరు బయటి నుంచి మెట్లు కట్టి పైన అద్దెకిచ్చారు, ఇంకొకరు ముందుగదిని కిరాణా కొట్టు చేశారు. మా గేటు పక్కన కరివేపాకు చెట్టుంది. ఎదురింటి పెద్దమ్మ రోజూ పోపు వేసే వేళకు వచ్చి రెండు రెబ్బలు తుంచుకుంటారు. ఆవిడ రాకపోతే అమ్మ నన్ను పంపి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమంటుంది. మీ నాన్నగారికి కావలసింది ఇదే అనుకుంటాను.

బ్లూలైన్ ప్రయాణికుడు
నాన్నగారి సంగతి సరే, మీ సంగతి కూడా చూసుకోండి. నేను ఆరేళ్లుగా రాయదుర్గం వెళ్లివస్తున్నాను. మెట్రో రెడ్ లైన్ ఎల్బీ నగర్‌లోనే ఆగిపోతుంది. అక్కడిదాకా బస్సో ఆటోనో ఎక్కాలి, తర్వాత అమీర్‌పేటలో రైలు మారాలి. సాయంత్రం ఆ మెట్ల మీద జనాన్ని చూస్తే నీరసం వస్తుంది. నాగోలు వెళ్లి ఎక్కితే ఒకే రైల్లో రాయదుర్గంలో దిగవచ్చు, నాకు అదే నయమనిపించింది. హయత్‌నగర్ దాకా మెట్రో రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది కానీ, దాన్ని నమ్ముకుని ఇల్లు కొనకండి. మా పాప నేను ఇంటికి చేరేసరికి నిద్రపోతూ ఉండేది. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తున్నాను.

సూర్యాపేట ఆడపడుచు
మా వీధిలో సగం ఇళ్లు నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు వాళ్లవే. విజయవాడ రహదారి వెంట వచ్చినవాళ్లం, ఆ రహదారి పక్కనే ఆగిపోయాం. ఊరికి వెళ్లాలంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా పోనక్కరలేదు, ఇక్కడి పనామా బస్‌స్టాప్ దగ్గర నిలబడితే బస్సు దొరుకుతుంది. సంక్రాంతి ముందు రెండు రోజులు మాత్రం సంచులు, పిల్లలు, నిండిపోయి వచ్చే బస్సులు. ఆ రోజుల్లో తెల్లవారకముందే బయలుదేరండి.

అమ్మగారికి రైతు బజారు చూపించండి. ఉదయం ఏడింటికల్లా వెళితే మంచు తడి ఆరని తోటకూర, గోంగూర దొరుకుతాయి. మా అత్తగారు ఒక్క కొత్తిమీర కట్ట కోసం నాలుగు బండ్లు తిరిగి, ఐదుగురితో మాట్లాడి వస్తారు. మోకాళ్ల నొప్పులున్నా ఆ నడక మానరు.

చెరువు కింద ఇల్లు
ఒక్క మాట గట్టిగా చెబుతాను. వనస్థలిపురం అంతా ఒకే ఎత్తులో లేదు. 2020 అక్టోబరు వానలకు మా కింది గదిలో నడుముదాకా నీళ్లు వచ్చాయి. అమ్మ పెళ్లినాటి ఫొటోలు బురదలోంచి ఏరుకున్నాం. మాకు అమ్మినవాళ్లు అది చెరువు నీరు దిగే దారి అని చెప్పలేదు. ఎండాకాలంలో చూసి బయానా ఇవ్వకండి. పెద్ద వాన పడిన మర్నాడు ఆ వీధిలో నడవండి, గోడల మీద నీటి మరకలు చూడండి, పక్కింటి ముసలివారిని అడగండి.

కరివేపచెట్టు
పై మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి కూడా చెప్పాలి. మా వరుసలోనే మూడు పాత ఇళ్లు పడగొట్టి ఐదంతస్తులు లేపారు. ఒక కుటుంబం ఉన్నచోట పది కుటుంబాలు, రోడ్డు మాత్రం అంతే. రాత్రి కారు పెట్టడానికి చోటు దొరకదు. నాకు బాధగానే ఉంది. కానీ ఆ ఇంటివాళ్లను తప్పుపట్టలేను. ముగ్గురు పిల్లలకు రెండు గదులు ఎలా పంచుతారు?

సాగర్‌రోడ్డు
అందరికీ కృతజ్ఞతలు. కొనడం ప్రస్తుతానికి ఆపాను. హౌసింగ్ బోర్డు వీధిలోనే కింది వాటా ఏడాదికి అద్దెకు తీసుకుంటాను, ఒక వానాకాలం చూస్తాను. ఆదివారం నాన్నను తీసుకువస్తున్నాను. కరివేపచెట్టు గారూ, మీ వీధి ఎటువైపో చెబితే ముందు అక్కడే దిగుతాం.