స్క్రీన్ లేని యాప్‌ను చెరువు కాపలాకు నమ్మొచ్చా?

ఒంగోలు కుర్రాడు:
కొత్తపట్నం దగ్గర మా బావ వాళ్లకు నాలుగు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ. అప్పుడు కాపలా మనిషి నిద్రలో ఉంటే జనరేటర్ వేసే దిక్కుండదు. అందుకే పాత ఆండ్రాయిడ్ 13 ఫోన్ ఒకటి షెడ్డులో చార్జర్‌కి పెట్టాను. చార్జింగ్ ఆగితే కరెంటు పోయినట్టే, వెంటనే బావకి మెసేజ్ వెళ్లాలి. అంతే పని. అందుకని స్క్రీన్ ఒక్కటీ రాయలేదు, ఉన్నదంతా వెనకాల కనపడకుండా నడిచే ఒక్క సర్వీసే. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో 'డిఫాల్ట్ యాక్టివిటీ నాట్ ఫౌండ్' (తెరవడానికి స్క్రీన్ దొరకలేదు) అంటే, రన్ సెట్టింగుల్లో లాంచ్ దగ్గర 'నథింగ్' పెట్టాను. ఇన్‌స్టాల్ అయింది కానీ ఫోన్ రీస్టార్ట్ చేస్తే సర్వీసు లేవడం లేదు. స్క్రీన్ పెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. ఎవరూ ముట్టుకోని ఫోన్‌కి స్క్రీన్ ఎందుకు?

కావలి డెవలపర్:
అక్కర్లేదు తమ్ముడూ. కొత్తగా ఎక్కించిన యాప్ 'స్టాప్డ్' స్థితిలో ఉంటుంది, ఆండ్రాయిడ్ 3.1 నుంచీ ఇంతే. ఒకసారి దాన్ని ఎవరైనా లేపేదాకా, ఫోన్ ఆన్ అయిందన్న కబురు దానికి అందదు. నీకు తెరవడానికి ఐకాన్ లేదు కాబట్టి ఏడీబీ షెల్‌లో (ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే చోటు) 'ఏఎం స్టార్ట్-ఫోర్‌గ్రౌండ్-సర్వీస్' కొట్టు. సర్వీసు ఎక్స్‌పోర్టెడ్ అయి ఉండాలి, అంటే బయటి నుంచి లేపడానికి వీలుండాలి. మెసేజ్ పర్మిషన్ కూడా అక్కడే 'పీఎం గ్రాంట్' ఆదేశంతో ఇచ్చెయ్. ఇంకోటి, చార్జర్ తీసిన కబురు కోసం మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలుండే ఫైలు) రాసుకుంటే ఆండ్రాయిడ్ 8 నుంచి రాదు. నడుస్తున్న సర్వీసులోనే రిజిస్టర్ చెయ్యాలి.

నెల్లూరు నుంచి:
అన్నా, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఏడీబీ ఉన్న ల్యాప్‌టాప్ మీ ఇంట్లో ఉంటుంది, ఫోన్ చెరువు గట్టున ఉంటుంది. ఎవరైనా తెలియక ఫోర్స్ స్టాప్ నొక్కితే మళ్లీ స్టాప్డే. ఇందుకూరుపేట వైపు మా మామయ్య చెరువు దగ్గర ఇలాంటిదే పెట్టాను. ఇరవై రోజులు బాగా నడిచింది. తర్వాత ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ దాన్ని చంపేసింది, మాకెవరికీ తెలియలేదు. ఆ వారంలోనే కరెంటు పోయింది. పొద్దున్నే రొయ్యలు తేలి ఉన్నాయి. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ. అందుకే చెబుతున్నా, పెద్ద అక్షరాలతో 'పనిచేస్తోంది, చివరిగా చూసిన టైం ఇది' అని ఒక్క స్క్రీన్ పెట్టండి. ఆండ్రాయిడ్ 13లో నోటిఫికేషన్ పర్మిషన్ కూడా ఇవ్వకపోతే, సర్వీసు బతికుందో లేదో చూడ్డానికి పైన నోటిఫికేషన్ కూడా ఉండదు.

ఒంగోలు కుర్రాడు:
చార్జర్ తీసినట్టు ఫోన్‌ని నమ్మించే 'డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్' ఆదేశంతో టెస్ట్ చేశాను, మెసేజ్ వచ్చింది.

నెల్లూరు నుంచి:
అది మొదటి మెసేజ్. బావ లేవకపోతే మళ్లీ పంపాలి కదా? కరెంటు పోయాక ఫోన్ చార్జర్ లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చే డోజ్ వచ్చేది సరిగ్గా అప్పుడే. కేబుల్ తగిలించి టేబుల్ మీద చూస్తే అది మీకు కనపడదు. అన్‌ప్లగ్ కొట్టి, స్క్రీన్ ఆపి, డోజ్‌ని బలవంతంగా రప్పించే 'డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్' కొట్టి చూడండి. మామూలు అలారాలు వాయిదా పడతాయి. డోజ్‌లోనూ మోగే రకం అలారాల్లో కొన్నిటికి ఎంత తరచుగా మోగాలో పరిమితి ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి పంపాలంటే, నిజంగా వెళ్తోందో లేదో చూసుకోవాలి.

కావలి డెవలపర్:
టెస్టింగ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. స్క్రీన్ విషయంలో మాత్రం కాదు. షెడ్డులో స్క్రీన్ చూసేదెవరు? రోజూ సాయంత్రం 'బతికే ఉన్నాను' అని మెసేజ్ పంపించండి.

టంగుటూరు రైతు:
బాబూ, రోజూ వచ్చే మెసేజ్ నాలుగు రోజులు చూస్తాం, ఐదో రోజు రాకపోతే గుర్తుండదు. అది రాకపోతే ఇంట్లో ఫోన్ మోగేటట్టు చెయ్యండి.

ఒంగోలు కుర్రాడు:
సరే, ఇంటి ఫోన్‌లో ఇంకో చిన్న యాప్ రాస్తాను. ఏడు గంటలకల్లా మెసేజ్ రాకపోతే అలారం కొడుతుంది. షెడ్డు ఫోన్‌కి ఒక స్క్రీన్ కూడా పెడుతున్నాను. పర్మిషన్లు అందులోనే అడగొచ్చు, దాన్ని తెరిస్తే స్టాప్డ్ కూడా పోతుంది. ఆదివారం మెయిన్ ఆపి నిజంగా చూస్తాను.

టంగుటూరు రైతు:
మెయిన్ ఆపేది మధ్యాహ్నం ఎండలో చెయ్యండి, నీళ్లలో ఆక్సిజన్ బాగుంటుంది. జనరేటర్‌లో డీజిల్ చూసుకోండి.