కక్కేది కడుపు మాట, దగ్గేది... దమ్ము మాటా, రొమ్ము మాటా?

నెమలీక:
మా అమ్మమ్మ పెంచిన పిల్లుల్లో ఏదైనా ఒకటి మూలకు చేరి, మెడ చాచి, ఖక్కు ఖక్కుమన్నప్పుడల్లా ఆవిడ ఒక మాట అంటూ ఉండేది. "కక్కేది కడుపు మాట" అన్న మొదటి సగం నాకు స్పష్టంగా గుర్తుంది. రెండో సగంలో "దగ్గేది దమ్ము మాట" అన్నదో, "దగ్గేది రొమ్ము మాట" అన్నదో ఎంత తలచుకున్నా తేలడం లేదు. ఇప్పుడు ఇది గుర్తుకు రావడానికి కారణం మా ఆరేళ్ళ పిల్లి. నెల రోజులుగా అది వారానికి మూడు నాలుగు సార్లు సరిగ్గా అలాగే చేస్తోంది. ఒళ్ళు నాక్కుంటూ మింగిన వెంట్రుకల ఉండ అడ్డుపడి ఉంటుంది, బయటికి వచ్చేస్తే సరిపోతుందిలే అని ఊరుకున్నాను కానీ, ఇంతవరకు ఒక్క ఉండ కూడా బయటపడలేదు. సరైన పాఠం తెలిసినవారు చెప్పగలరు.

అరసున్న:
సందేహమే అక్కరలేదు, అది దమ్మే. "కక్కేది–కడుపు" అని కకారంతో జోడీ కట్టిన నోరు "దగ్గేది" తరువాత దకారాన్ని వదిలి రేఫకు వెళ్ళదు. ఇది ఏ వేమన పద్యానికో చెదిరిన పాదమని నా నమ్మకం. "దగ్గునదియె దమ్ము మాట సుమ్ము" అని ఒకసారి పైకి చదివి చూడండి, ఆటవెలది రెండో పాదం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ద్విత్వాక్షరం:
అరసున్న గారు కూర్చిన పాదంలో సూర్యగణాలు అయిదూ లెక్కకు సరిపోయాయి, కాదనను. అయితే యతిస్థానం నాలుగో గణం మొదటి అక్షరం కదా, అక్కడ ఉన్నది "మా". దకారానికి మకారంతో మైత్రి ఎక్కడిది? దమ్ము మూడో గణంలో ఉంది కాబట్టి, దాని స్థానంలో రొమ్ము పెట్టినా గణం చెడదు, ఎలాగూ చెడిన యతి బాగుపడదు. ఇక నెమలీక గారు విన్న రూపంలోనైతే "కక్కే" అని రెండు గురువులు వరసగా పడ్డాయి గనుక అది ఆటవెలదికి ఎత్తుగడ కానే కాలేదు. కందంలో ఇముడ్చుదామంటే "క్క"కు "గ్గ"తో ప్రాస కుదరదు. మనకు నచ్చిన ప్రతి మాటనూ వేమన ఖాతాలో వేయడం మానుకుంటే మంచిది. కక్కు, కడుపు, దగ్గు అన్నీ తెలుగు మాటలై ఉండగా వాటి నడుమ పారశీకం నుంచి వచ్చిన దమ్ము ఎందుకు దూరుతుంది? ఇది రొమ్ము మాటే.

అరసున్న:
యతి విషయంలో పొరపాటు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ దమ్మును పరాయిదని తోసేయడం అన్యాయం. పొలం దమ్ము చేయడంలోని దమ్ము వేరు, దాని జోలికి పోను. ఊపిరి అనే అర్థంలోని దమ్ము మన నోళ్ళలో ఎంత పాతుకుపోయిందంటే, తెలంగాణ పలుకుబడిలో దమ్ము అంటే ఉబ్బసం అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థంలో తీసుకుంటే అమ్మమ్మగారు రోగం పేరే చెప్పారన్నమాట.

పశువైద్యురాలు:
నేను ఈ బృందంలో చదవడానికే తప్ప రాయడానికి రాను. కానీ ఈ ఒక్క అక్షరం మీద ఒక పిల్లి ఊపిరి ఆధారపడి ఉందని అనిపించి రాస్తున్నాను.

సామెత మొదటి సగం నూటికి నూరు పాళ్ళు నిజం. వెంట్రుకల ఉండ ఉండేది కడుపులో; అది వాంతిగా వస్తుందే కానీ దగ్గితే రాదు. కక్కబోయే పిల్లికి ముందు పొట్ట కండరాలు అలలు అలలుగా ఎగిరిపడతాయి, చివరికి నురుగో, తిండో, వెంట్రుకలో బయటపడతాయి. దగ్గే పిల్లి అలా కాదు. ఒళ్ళు నేలకు వాల్చి, మెడ ముందుకు చాచి, వరసగా ఖక్కుఖక్కుమని, ఆఖరున గొంతులోకి వచ్చిన తెమడను గుటుక్కున మింగేసి ఏమీ జరగనట్టు లేచి వెళ్ళిపోతుంది. బయట ఏమీ పడదు గనుక "ఉండ ఇంకా రాలేదు" అని ఇంట్లోవాళ్ళు నెలల తరబడి ఎదురు చూస్తారు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

ఇక రెండో సగం. ద్విత్వాక్షరం గారి రొమ్ముకు గుండె అనే అర్థం చెప్పుకుంటే సామెత తప్పు దారి పట్టిస్తుంది. గుండెజబ్బుతో కుక్కలు దగ్గుతాయి కానీ పిల్లులు దగ్గడం అరుదు. వాటికి ఊపిరితిత్తుల్లోనో, వాటి చుట్టూనో నీరు చేరి, దగ్గు లేకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది. పిల్లుల్లో దగ్గుకు తరచుగా కనిపించే కారణం శ్వాసనాళాల వాపు, ముఖ్యంగా ఉబ్బసం. నూటికి 1 నుంచి 5 పిల్లులకు అది ఉంటుందని అంచనా. నత్తలనో, ఎలుకలనో, పిట్టలనో తిన్న పిల్లులకు ఊపిరితిత్తుల నులిపురుగులు కూడా దగ్గు తెప్పిస్తాయి. అందుచేత వైద్యం లెక్కన నా ఓటు దమ్ముకే. ఛందస్సు మీరు చూసుకోండి.

పాత నిఘంటువు:
చర్చలో "కక్కు" ఒక్కటే వినబడుతోంది కానీ, ఏమీ బయటికి రాకుండా డోకువచ్చినట్టు అయ్యేదానికి ఓకరింత అనే చక్కని మాట ఉంది. ఓకరించు, ఓకిలించు అని రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి, నాకు రెండోదే ఇష్టం. నీళ్ళు తాగుతూ తాగుతూ ఒకసారి ఖక్కుమంటే అది పొలమారడమే. ఈ మాటలు విడివిడిగా వాడటం అలవాటైతే సగం గందరగోళం పుట్టదు.

ఇంతకంటే వింతైన సంగతి మరొకటి ఉంది. మనిషికి ఆయాసం వచ్చి ఛాతీలో సన్నగా ఈల వేసినట్టు వినబడితే మనం పిల్లికూతలు అంటాం. మరి పిల్లికే ఆ ఈల వస్తే దాన్ని ఏమనాలి?

ద్విత్వాక్షరం:
పిల్లికి వచ్చినా పిల్లికూతలే. పులి చర్మం మీద చారలను మనం పులిచారలు అనకుండా ఉంటామా? అన్నట్టు పశువైద్యురాలు గారికి చిన్న మనవి: రొమ్ము అంటే గుండె అని నేను అనలేదు. ఛాతీ అనే అర్థం తీసుకుంటే ఊపిరితిత్తులు అందులోనే ఉన్నాయి కదా.

నెమలీక:
మీ అందరి మాటలూ చదివాక నిన్న రాత్రి కూర్చుని గమనించాను. పొట్ట ఎగిరిపడటం లేదు, నేలకు వాలడం ఉంది, చివర గుటక కూడా ఉంది. అంటే ఇన్నాళ్ళూ నేను దగ్గును పట్టుకుని ఓకరింత అంటున్నానన్నమాట. అది తిండి తింటోంది, ఆడుతోంది. అయితే నిద్రలో ఉన్నప్పుడు చెవి దగ్గర పెట్టి వింటే ఊపిరి వదిలేటప్పుడు సన్నటి ఈల ఉన్నట్టు అనిపించింది. అది గురగురలాడటమో, పిల్లికూతో నాకు తేల్చుకోవడం రాలేదు.

పశువైద్యురాలు:
పిల్లి గాఢ నిద్రలో ఉన్నప్పుడు, గురగురలాడనప్పుడు, ఛాతీ ఒకసారి పైకి లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కించి, నిమిషానికి ఎన్నో చూడండి. 30 లోపు ఉంటే ఊపిరి మట్టుకు నెమ్మదిగా ఉన్నట్టే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 30 దాటుతూ ఉంటే వైద్యుడికి ఫోను చేయాలి. నోరు తెరిచి రొప్పడం, చిగుళ్ళు నీలంగానో బూడిద రంగుగానో మారడం, ఊపిరికి పొట్ట బలంగా ఎగసిపడటం కనబడితే ఇక లెక్కలతో పని లేదు, ఆ క్షణమే బయలుదేరాలి. ఎప్పుడో ఒకసారి దగ్గి మామూలైపోయిన పిల్లికి తొందర లేదు. మీది నెల రోజుల దగ్గు కాబట్టి, తింటున్నా ఆడుతున్నా ఒకసారి చూపించాల్సిందే.

దగ్గుతున్నప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే బల్ల మీదికి ఎక్కిన పిల్లి దాదాపు ఎప్పుడూ దగ్గదు. పైగా కొన్ని పిల్లులు అక్కడ గురగురలాడటం మొదలుపెట్టి స్టెతస్కోపులో ఇంకేమీ వినబడనీయవు. అలాంటప్పుడు పక్కన నీళ్ళ కొళాయి తిప్పి, ఆ చప్పుడుకు అది ఆగగానే వింటాం. మనుషుల దగ్గు మందులు ఇవ్వవద్దు. పారాసిటమాల్ అయితే అసలే వద్దు, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలదు గనుక చిన్న మోతాదు కూడా ప్రాణం తీయగలదు. ఉబ్బసమని తేలినా బెంగపడకండి. ముఖానికి తొడిగే చిన్న మాస్కు, గొట్టం ఉన్న ఇన్‌హేలరు పిల్లులకూ ఉంది, ఓపికగా అలవాటు చేస్తే చాలా పిల్లులు ఒప్పుకుంటాయి. అప్పటిదాకా పొగ, అగరుబత్తి, ఘాటైన స్ప్రేలు, దుమ్ము లేచే లిట్టరు (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టెలోని ఇసుక) దానికి దూరంగా ఉంచండి.

నెమలీక:
మూడుసార్లు లెక్కపెట్టాను. 34, 36, 34 వచ్చాయి. రేపు ఉదయానికి సమయం తీసుకున్నాను. వీడియో కూడా దొరికింది. మా అమ్మకు ఆ వీడియో చూపించి అమ్మమ్మ మాట అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి "దగ్గేది దొమ్మ మాట" అనేదేమో అంది.

అరసున్న:
చూశారా, దకారమే! ఒత్వం తరువాత చూసుకుందాం.

ద్విత్వాక్షరం:
తొందరపడకండి. దొమ్మలోని ఒత్వం రొమ్ము నుంచి వచ్చింది కాకపోతే ఎక్కడి నుంచి వచ్చినట్టు? నెమలీక గారూ, రేపు పిల్లిని చూపించి వచ్చాక మీ అమ్మగారిని ఇంకోసారి అడగగలరా? ఈసారి వీడియో చూపించకుండా అడగండి.